హైస్కూలు చదువులో సైబరు రక్షణ విద్య

(హుబ్బళ్ళిలో మన సంఘము జరిపిన శ్రీ పరాభవ నామ సంవత్సర ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము, కవి సమ్మేళనము అయిన తరువాత రైల్వే గుమాస్తా ఉపన్యాసమునకు తావెక్కడిది అని కొందరికి తోచవచ్చును. మాకును అట్లే తోచినది. కాని కార్యదర్శిగారు పట్టు విడువలేదు. "పదవ తరగతి పరీక్షలు నడుచుచున్నవి. ప్రతి ఇంటిలోను పిల్లను ఏ చదువులో వేయవలెనను చర్చ జరుగుచున్నది. సైబరు సెక్యూరిటీ అను మాట అందరి నోటను వినబడుచున్నది. అది ఏమో, హైస్కూలు నుండి దానికి త్రోవ ఉన్నదో లేదో నాలుగు మాటలు చెప్పుడు" అన్నారు. మేము చదివినది పదవ తరగతి వరకే. అయినను రెండు మూడేండ్లుగా కాలనీ పిల్లల కొరకు ఈ సంగతులు విచారించి, తెలిసినవారిని అడిగి, కాగితములు చదివి కూడబెట్టినది కొంత ఉన్నది. అది మీ ముందు పెట్టుచున్నాము.

మనవారిలో పెక్కుమంది తాతలు గుంతకల్లు, నంద్యాల, బెజవాడ వైపుల నుండి రైలు పట్టాల వెంబడి ఇచ్చటికి వచ్చినవారే. వర్కుషాపులోను, లోకోషెడ్డులోను, స్టేషనులోను పని దొరికినది. కన్నడ సోదరుల ఆదరణ దొరికినది. ఇల్లు నిలిచినది. ఆనాడు కుర్రవానికి మీసము వచ్చునప్పటికి తండ్రి ఫోర్‌మన్ గారి ఇంటికి తీసికొనిపోవుట ఒక ఆచారముగా ఉండెడిది. ఆ రోజులు పోయినవి. ఆవిరి ఇంజనులు పోయి డీజిలు వచ్చినప్పుడు ఫైర్‌మన్లుగా ఉన్నవారిలో క్రొత్త పని నేర్చినవారు గౌరవముగా నిలిచినారు. నేర్వనివారు బొగ్గు వాసన తలచుకొనుచు కూర్చున్నారు. ఇప్పుడు మన పిల్లల ముందు ఉన్నదియు అట్టి మలుపే. కాబట్టి ఈ విద్యను గుడ్డిగా నమ్మవలదు, గుడ్డిగా త్రోసివేయవలదు, తూచి చూడుదము.

సైబరు రక్షణ అనగా ఏమి? కంప్యూటర్లలోను, ఫోనులలోను, వాటిని కలుపు తీగలలోను ఉన్న సమాచారమును కాపాడుట. కాపాడవలసినవి మూడు. మొదటిది రహస్యము: చూడదగినవాడు తప్ప మరియొకడు చూడకూడదు. రెండవది నిక్కము: వ్రాసినది వ్రాసినట్లే ఉండవలెను, దారిలో ఎవడును దిద్దకూడదు. మూడవది అందుబాటు: కావలసినప్పుడు దొరకవలెను. పార్సిలు ఆఫీసు ఎరిగినవారికి ఇది వెంటనే తెలియును. ఎవరి సరుకు ఎవరికి పోవుచున్నదో వీధిలో చాటరాదు. బిల్లులో వ్రాసిన బరువు మారరాదు. బండి వేళకు కిటికీ మూసి ఉండరాదు. ఈ మూడింటిలో ఏది చెడినను నష్టమే. ఈ రంగములోని పనులన్నియు ఈ మూడింటి చుట్టును తిరుగుచుండును.

ఇది మనకు బొత్తిగా క్రొత్త కాదు. గేటు దగ్గర గేటుమానుకు స్టేషను మాస్టరు ఫోను చేసి, బండి వచ్చుచున్నది, గేటు మూయమని చెప్పును. గేటుమాను మూసి, ఊరక "మూసితిని" అన్న చాలదు. తనకు ఇచ్చిన కాగితములోని ప్రైవేటు నెంబరు చెప్పవలెను. ఆ నెంబరు వరుస ఇతరులకు తెలియదు. ఒకసారి వాడిన నెంబరును కొట్టివేయుదురు. మరల అది చెల్లదు. ఎందుకీ తంతు? ఫోనులో వినబడు గొంతు నిజముగా గేటుమానుదో కాదో, పని నిజముగా జరిగినదో లేదో రూఢి చేసికొనుటకు. ఈనాడు బ్యాంకు నుండి మీ ఫోనుకు వచ్చు ఓటీపీ అనునది దీనికి తమ్ముడే. ఒకసారికి మాత్రమే చెల్లు రహస్య సంఖ్య. గేటుమాను తన నెంబరును దారిని పోవు దానయ్యకు ముందుగా చెప్పిన ఏమగునో, మనము ఓటీపీని ఫోనులో అడిగినవానికి చెప్పిన అదే అగును. అట్లే సిగ్నలు తీగ తెగిన చేయి తనంతట ప్రమాద సూచనకు వచ్చునట్లు పెద్దలు అమర్చినారు. చెడిపోయినప్పుడు కూడ అపాయము లేని వైపునకే చెడవలెనను ఈ సూత్రమును కంప్యూటరు రక్షణలోను పాఠముగా చెప్పుచున్నారు. కాబట్టి రైల్వే ఇండ్లలో పెరిగిన పిల్లలకు ఈ విద్య పరాయిది కాదు.

ఇక దీనికి ఇంత గిరాకి ఎందుకు వచ్చినదో చూడుదము. 2017 మే నెల 12వ తేదీన వన్నాక్రై అను ఒక చెడు ప్రోగ్రాము లోకముమీద పడినది. 150కి పైగా దేశములలో కంప్యూటర్లకు తాళము వేసి, డబ్బు ఇచ్చిన తాళము తీయుదుమన్నది. ఇంగ్లాండులో ప్రభుత్వ ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపవలసి వచ్చినది. విచిత్రమేమనగా, ఆ కంతను పూడ్చు మందును మైక్రోసాఫ్టువారు రెండు నెలల ముందే, మార్చిలో, విడుదల చేసి ఉన్నారు. వేసికొనినవారు బ్రతికినారు. వేసికొననివారు చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నారు. 2018 ఆగస్టులో పూనా నగరములోని కాస్మోస్ సహకార బ్యాంకు నుండి దొంగలు సుమారు 94 కోట్ల రూపాయలు లాగినారు. గోడకు కన్నము వేయలేదు, కత్తి చూపలేదు. దానిలో ఎక్కువ భాగము నకిలీ కార్డులతో పలు దేశములలోని ఏటీఎముల నుండి తీసికొనిపోయినారు. 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి కంప్యూటర్లు దెబ్బతిని, పలు దినములు రోగుల చీటీలు చేతితో వ్రాయవలసి వచ్చినది.

ఇవి పెద్ద సంస్థల మాటలు. సామాన్యుల మాట ఇంకను బాధాకరము. సైబరు మోసములలో మన దేశ ప్రజలు పోగొట్టుకొన్న సొమ్ము 2023లో 7,465 కోట్ల రూపాయలనియు, 2024లో 22,845 కోట్ల రూపాయలనియు కేంద్ర ప్రభుత్వము పార్లమెంటుకు తెలిపినది. ఒక్క యేడాదిలో మూడు రెట్లు!

మన కాలనీలోనే జరిగినది ఒకటి చెప్పెదము, పేర్లు అక్కరలేదు. పదవీ విరమణ చేసిన ఒక ఫిట్టరు తాతగారికి ఫోను వచ్చినది. తాము పోలీసులమనియు, ఆయన పేర వచ్చిన పార్సిలులో మత్తుమందు దొరికినదనియు, ఇల్లు కదలక వీడియో ముందు కూర్చుండవలెననియు అన్నారు. దీనికి డిజిటల్ అరెస్టు అని పేరు పెట్టినారు. అట్టి అరెస్టు మన చట్టములో ఎక్కడను లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రిగారు స్వయముగా రేడియోలో ఈ సంగతి ప్రజలకు చెప్పినారు. పాపము తాతగారు ఆ మాట విననేలేదు. ఒక దఫా డబ్బు పంపినారు. రెండవ దఫాకు సిద్ధపడుచుండగా బడి నుండి వచ్చిన మనుమరాలు తలుపు సందు నుండి విని, "తాతయ్యా, ఇది దొంగల ఫోను" అని చేతిలోనిది లాగి కట్టివేసినది. వెంటనే 1930 నెంబరుకు ఫోను చేసినది. పోయిన సొమ్ములో కొంత దొంగల చేతికి చేరక ముందే బ్యాంకులో నిలిచిపోయినది. అప్పటికి ఆ పిల్ల తొమ్మిదవ తరగతి. బడిలో ఒక గంటసేపు చెప్పిన పాఠము ఆ ఇంటి పింఛను డబ్బును కాపాడినది. మోసము జరిగినవారు సిగ్గుపడి దాచరాదు. ఎంత త్వరగా 1930కి చెప్పిన అంత మేలు.

ఇప్పుడు ఆ పిల్ల పదవ తరగతి పరీక్షలు వ్రాయుచున్నది. ఈ విద్యయే చదువుదునని పట్టు పట్టినది. తండ్రికి ఇష్టము లేదు. "ఆడపిల్ల, రాత్రి డ్యూటీలు, ఎక్కడి కంపెనీలో, ఏమి చదువో" అన్నాడు. ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. కాబట్టి ఉద్యోగముల స్వరూపము కొంచెము చెప్పవలెను.

ఉద్యోగములు ఎక్కడ నుండి వచ్చుచున్నవి? కొంత భయము నుండి, కొంత చట్టము నుండి. 2016 జూన్ 2న రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇచ్చి, బ్యాంకులన్నియు సైబరు రక్షణకు విడిగా ఏర్పాట్లు చేసికొనవలెనన్నది. కేంద్ర ప్రభుత్వమువారి సర్ట్-ఇన్ అను సంస్థ 2004 నుండి ఉన్నది. 2022 ఏప్రిలు 28న అది ఇచ్చిన ఆదేశము ప్రకారము సైబరు దాడి తెలిసిన 6 గంటలలో సంస్థలు దానికి తెలుపవలెను. 2023లో వ్యక్తుల సమాచార రక్షణ చట్టము వచ్చినది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడి అంచెలుగా అమలుకు వచ్చుచున్నవి. తప్పు చేసిన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చును. ఇంత జరిమానా తలమీద వ్రేలాడుచున్నప్పుడు కాపలావానిని పెట్టుకొనక తప్పునా?

కాపలాలోను పలు తెగలున్నవి. కంట్రోలు ఆఫీసులో కూర్చుండి బండ్లను కనిపెట్టినట్లు, తెరల ముందు కూర్చుండి రాకపోకలను రాత్రింబవళ్ళు కనిపెట్టువారు ఒక తెగ. యజమాని అనుమతితో ముందుగా తామే తలుపులు త్రోసి చూచి, ఏది వదులుగా ఉన్నదో చెప్పువారు ఒక తెగ. నేరము జరిగిన తరువాత ఫోనులు, డిస్కులు పరీక్షించి కోర్టుకు సాక్ష్యము సమకూర్చువారు ఒక తెగ. నియమములు పాటించుచున్నారా అని లెక్కలు చూచు ఆడిటర్లు ఒక తెగ. సైబరు చట్టము చదివిన న్యాయవాదులు మరియొక తెగ. కాబట్టి లెక్కలలో చురుకైనవాడికే కాదు, కామర్సు పిల్లకు, చట్టము మీద ఆసక్తి గలవాడికి కూడ ఇందులో చోటున్నది.

రాత్రి డ్యూటీ మాట నిజమే. మొదటి తెగలో తప్పదు. కాని అన్నిటిలోను అది లేదు. అయినను రైల్వేవారము మనమే రాత్రి డ్యూటీకి భయపడిన ఎట్లు? సాతారా ఆడపడుచు సురేఖా యాదవ్ రైలింజను నడిపిన మొదటి భారత మహిళ. ముప్పదియైదేండ్లకు పైగా ఇంజనుమీద నిలిచి 2025 సెప్టెంబరులో పదవీ విరమణ చేసినారు. ఇంజనుమీద నిలిచిన ఆడపడుచును చూచిన మనము, తెర ముందు కూర్చుండు ఆడపడుచును వద్దనుట భావ్యము కాదు. ఆ తండ్రికి మేము ఇదే చెప్పినాము. ఆయన ఇంకను ఆలోచించుచున్నాడు.

ఇక చదువు సంగతి. హైస్కూలులో ఏమి నేర్వవలెను? మొట్టమొదట లెక్కలు. ఒక చిన్న పరీక్ష. 61ని 53తో గుణించుడు. 3233. ఎనిమిదవ తరగతి పిల్లవాడు అర నిమిషములో చెప్పును. ఇప్పుడు తిరుగవేసి అడిగెదము: 3233 ఏ రెండు ప్రధాన సంఖ్యల లబ్ధము? పలక నిండిపోవును. గుణించుట సులభము, విడదీయుట కష్టము. ఈ ఒక్క సంగతిమీద 1977లో రివెస్టు, షమీర్, ఏడెల్మన్ అను ముగ్గురు పండితులు ఒక రహస్య లిపి కట్టినారు. నేడు దానిలో వాడుకలోనున్న సంఖ్యలు 600 అంకెలకు మించి ఉండును. ఒక సంఖ్య ప్రధాన సంఖ్యయా కాదా అని త్వరగా, తప్పు లేక తేల్చు పద్ధతిని 2002లో లోకమునకు ఇచ్చినవారు మన కాన్పూరు ఐ.ఐ.టి.వారే: మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా. వారిలో చివరి ఇరువురు అప్పుడే పట్టము పుచ్చుకొన్న కుర్రవారు. కాబట్టి "ఈ కారణాంకములు ఎందుకు, కూడు పెట్టునా" అని పిల్లవాడు అడిగిన, పెట్టుననియే చెప్పుడు.

రెండవది ఇంగ్లీషు చదివి అర్థము చేసికొను శక్తి. మాటలాడుట తరువాత సంగతి. నాలుగు పుటల సాంకేతిక కాగితమును ఓపికగా చదువగలుగుట ముఖ్యము. మూడవది కంప్యూటరు లోపల ఏమి జరుగుచున్నదో తెలిసికొనుట: పైథాను వంటి ఒక భాషలో చిన్న ప్రోగ్రాములు వ్రాయుట, లినక్సు వాడుట, ఒక కంప్యూటరు నుండి మరియొక దానికి సమాచారము ఎట్లు పోవుచున్నదో గ్రహించుట. పునాది లేక పై అంతస్తు కట్టిన ఇల్లు నిలువదు. నెట్‌వర్కు తెలియక సైబరు రక్షణ చేయుదుననుట, లైను తెలియక గార్డు పని చేయుదుననుట వంటిది.

బడులలో దీనికి ఏమి ఉన్నది? కేంద్రీయ విద్యాలయములు మొదలగు సీ.బీ.ఎస్.ఇ. బడులలో 9, 10 తరగతులకు ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అను నైపుణ్య విషయము 402 సంఖ్యతో ఉన్నది. 11, 12 తరగతులలో కంప్యూటర్ సైన్సు 083 సంఖ్యతో ఉన్నది. దానిలో పైథాను, నెట్‌వర్కులు, డేటాబేసు, సైబరు చట్టములు, నీతి నియమములు పాఠములుగా ఉన్నవి. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి 12వ తరగతి కంప్యూటర్ సైన్సు పుస్తకములో ఒక అధ్యాయము భద్రతను గూర్చియే. ఆ పుస్తకములు వెల లేక దొరకును. ఏ బడి పిల్లయైనను చదువుకొనవచ్చును.

మన రాష్ట్ర విధానములో ఎస్.ఎస్.ఎల్.సి. తరువాత నాలుగు బాటలున్నవి. ఒకటి, పీ.యూ.సీ.లో భౌతికము, రసాయనము, గణితము, కంప్యూటర్ సైన్సు గల పీ.సీ.ఎం.సీ. తీసికొని ఇంజనీరింగునకు పోవుట. రెండు, కామర్సులో కంప్యూటర్ సైన్సు గల సీ.ఇ.బీ.ఏ. తీసికొని బీ.సీ.ఏ. వైపో, ఆడిటు వైపో పోవుట. మూడు, పాలిటెక్నిక్కులో మూడేండ్ల డిప్లొమా చేసి, కావలెనన్న ఆ పైన ఇంజనీరింగు రెండవ యేటిలో చేరుట. నాలుగు, ఐ.టి.ఐ.లో కోపా అను ఒక యేటి కంప్యూటరు కోర్సు చేసి చిన్న కొలువుతో మొదలుపెట్టుట. డబ్బు చాలని ఇండ్లవారు మూడవ, నాలుగవ బాటలను చిన్నచూపు చూడవలదు. నేర మొగ్గు గల పరిశోధన చదువులకు 2020లో పార్లమెంటు చట్టముతో ఏర్పడిన జాతీయ ఫోరెన్సిక్ శాస్త్రముల విశ్వవిద్యాలయము ఉన్నది. దాని శాఖ ఒకటి మన ప్రక్కనే ధారవాడలో ఉన్నది. ధారవాడలోనే ఐ.ఐ.టి., ఐ.ఐ.ఐ.టి. ఉన్నవి.

బదిలీలు గల కుటుంబములకు ఒక హెచ్చరిక. కర్ణాటకలో ఇంజనీరింగు సీట్లకు స్థానికత కోరు సామాన్య నియమములో, ఈ రాష్ట్రమున కనీసము ఏడు విద్యా సంవత్సరములు చదివి ఉండవలెనని ఉన్నది. చుట్టముల ఇంట ఉంచి చదివింతుమని పిల్లలను నాలుగేండ్లు ఆంధ్రకో తెలంగాణకో పంపి, మరల తెచ్చుకొనువారు ఈ లెక్క ముందుగా చూచుకొనవలెను. ఇచ్చటను కాక, అచ్చటను కాక పోవుట ప్రవాసుల పిల్లలకు వచ్చు కష్టములలో పెద్దది. ప్రతి యేట వెలువడు ప్రవేశ పత్రమును స్వయముగా చదివి చూచుకొనుడు.

బడి బయట వెల లేక నేర్పువారు కూడ ఉన్నారు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమువారు 2013 నుండి పికో సీ.టీ.ఎఫ్. అను పోటీ నడుపుచున్నారు. 13 ఏండ్లు నిండిన పిల్లలు ఇంటి నుండియే పాల్గొనవచ్చును. దాచిన రహస్యమును బుద్ధితో వెదకి తీయుట ఆ ఆట. సిస్కోవారి నెట్‌వర్కింగ్ అకాడమీలో సైబరు రక్షణ పరిచయ పాఠము ఉచితము. మన ప్రభుత్వమువారి స్వయం వేదికలో మన విశ్వవిద్యాలయముల అధ్యాపకుల పాఠములున్నవి. హైదరాబాదులోని సీ-డాక్ సంస్థ ప్రభుత్వ పథకము క్రింద పిల్లలకు, స్త్రీలకు, పెద్దలకు వేరు వేరుగా హెచ్చరిక పుస్తకములు తయారు చేసి ఇచ్చుచున్నది. క్రొత్త కంప్యూటరు అక్కరలేదు. మూలబడిన పాతదానిలో లినక్సు వేసికొన్న పాఠములకు చాలును.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. తాళములు తీయుట నేర్పు విద్య ఇది. కంచె చేను మేసిన కాపాడువారెవరు? ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడని పెద్దలన్నారు. పిల్లవాడు ప్రక్కింటి వైఫై తెరచినానని, స్నేహితుని ఖాతాలో దూరినానని చెప్పినప్పుడు "అబ్బో, మావాడు ఎంత గడుసువాడు" అని నవ్వుకొను తండ్రులను మేము చూచినాము. అది గడుసుతనము కాదు, నేరము. 2000లో వచ్చిన ఐ.టి. చట్టము 43, 66 సెక్షనుల క్రింద, అనుమతి లేక మరియొకరి కంప్యూటరులో దురుద్దేశముతో చొరబడినవారికి మూడేండ్ల వరకు జైలు, లేక 5 లక్షల వరకు జరిమానా, లేక రెండును పడవచ్చును. కాపలావాని కొలువు అడుగబోవువాడు పోలీసు విచారణలో మచ్చతో నిలబడిన ఎవరు నమ్ముదురు?

సరియైన త్రోవ ఎట్లుండునో ఒక దృష్టాంతము. ఫేస్‌బుక్కు పాస్‌వర్డు మరచిపోయినవారికి 6 అంకెల సంఖ్య ఒకటి పంపుదురు. 6 అంకెలనగా సరిగా 10 లక్షల సంఖ్యలు. అసలు సైటులో పది పన్నెండు తప్పులు కాగానే తలుపు మూసివేయుదురు. 2016లో బెంగళూరు ఇంజనీరు ఆనంద్ ప్రకాష్, ఆ సంస్థ పరీక్ష కొరకు నడుపు వేరొక సైటులో ఆ అడ్డు లేదని కనిపెట్టినాడు. అనగా 10 లక్షల సంఖ్యలను వరుసగా యంత్రముచేత ప్రయత్నింపజేసిన ఎవరి ఖాతానైనను తెరువవచ్చును. ఆయన ఏమి చేసినాడు? తన సొంత ఖాతామీదనే పరీక్షించి చూచి, సంస్థకు వ్రాసినాడు. వారు కంత పూడ్చి 15,000 డాలర్లు బహుమానముగా ఇచ్చినారు. అదే కంతను దొంగలకు అమ్మి ఉండిన? తెలివి ఒక్కటే, త్రోవలు రెండు. పిల్లలారా, అనుమతి, సొంత యంత్రము, తెలిసినదానిని దాచక యజమానికి చెప్పుట: ఈ మూడింటిని జపము వలె గుర్తుంచుకొనుడు.

పెద్దలకు ఇంకొక మాట. "మూడు నెలలలో హ్యాకరు, ఉద్యోగము ఖాయము" అని గోడలమీద ప్రకటనలు కనబడుచున్నవి. మా ఎరుకలోని ఒక కుటుంబము అట్టి ఒక శిక్షణాలయములో నగ తాకట్టు పెట్టి రుసుము కట్టినది. కుర్రవానికి దక్కినది రంగుల సర్టిఫికెట్టు మాత్రమే. ఈ రంగములో పేరెన్నిక గన్న సీ.ఐ.ఎస్.ఎస్.పీ. అను పట్టమునకు సాధారణముగా అయిదేండ్ల పని అనుభవము కావలెను. ఇంకొక పేరుగల పరీక్ష ఓ.ఎస్.సీ.పీ.లో సుమారు 24 గంటలు యంత్రముల ముందు కూర్చుండి నిజముగా పని చేసి చూపవలెను. ఇట్టివి మూడు నెలలలో వచ్చునవి కావు. డబ్బు కట్టుటకు ముందు నాలుగు ప్రశ్నలు అడుగుడు. నేర్పువారు ఎవరు, ఎక్కడ పని చేసినారు? చేతితో చేయించుదురా, చూపించి పంపుదురా? నెట్‌వర్కు, లినక్సు మొదట నేర్పుదురా? ఉద్యోగము ఖాయమను మాట కాగితముమీద వ్రాసి ఇత్తురా? నాల్గవ ప్రశ్నకు వారి ముఖము చూచిననే సగము సంగతి తెలియును.

నిజము చెప్పవలెనన్న, చదువు ముగియగానే రక్షణ కొలువే దొరకునని లేదు. మొదటి మెట్టు తరచుగా కంప్యూటర్ల మరమ్మతు, సహాయపు బల్ల, నెట్‌వర్కు పని అయి ఉండును. ఇంతకు ముందు క్రొత్తవారు చేసిన చిన్న పనులలో కొన్నింటిని ఇప్పుడు కృత్రిమ మేధ యంత్రములే చేయుచున్నవి. కాబట్టి బట్టీపట్టినవానికి చోటు తగ్గును; ఎందుకు జరిగినదని అడుగువానికి పెరుగును. ఖలాసీగా చేరి డ్రైవరు అయినవారి కొడుకులకు, మెట్టు వెంట మెట్టు ఎక్కుట చెప్పవలసిన పని లేదు.

మన పిల్లలకు ఒక సొత్తు పుట్టుకతో వచ్చినది. ఇంట తెలుగు, వీధిలో కన్నడము, స్టేషనులో హిందీ, బడిలో ఇంగ్లీషు. మోసగాడు ఎప్పుడును తన భాషలో మాటలాడడు. మోసపోవువాని భాషలో మాటలాడును. తాతకు తెలుగులో, పొరుగమ్మకు కన్నడములో అర్థమగునట్లు చెప్పగల కుర్రవాడు పోలీసు ఠాణాలోను, బ్యాంకులోను విలువగలవాడు. తెలంగాణలో 2023లో సైబరు సెక్యూరిటీ బ్యూరో విడిగా ఏర్పడినది. అట్టి చోట్లకు తెలుగు వ్రాయను చదువను వచ్చినవారు కావలెను. కాబట్టి తెలుగు ఎందుకు అని పిల్లలచేత మాన్పించువారు ఈ సంగతియు తలచుకొనవలెను.

చివరకు సంఘమువారికి మూడు మనవులు. ఒకటి, గ్రంథాలయములో ఒక మూల రెండు పాత కంప్యూటర్లు పెట్టించి, ఆదివారములందు 8వ తరగతి నుండి పై పిల్లలకు రెండు గంటలు వదలుట. ఇంజనీర్లుగా ఉన్న మన యువకులు వంతులు వేసికొని నేర్పవలెను. రెండు, నెలకొకసారి ఆ పిల్లలే పింఛనుదార్లకు, గృహిణులకు ఫోను జాగ్రత్తలు చెప్పుట. చెప్పినవానికి చదువు నిలుచును, విన్నవారికి డబ్బు నిలుచును. మూడు, ఉత్సవపు చందాలో కొంత తీసి, ప్రతి యేట ఒక బాలికకు, ఒక బాలునికి పీ.యూ.సీ. పుస్తకముల ఖర్చు ఇచ్చుట. మొదటి చందాగా మేము మా శక్తి కొలది కార్యదర్శిగారికి ఇచ్చి ఉన్నాము.

ఈ యేటి పేరు పరాభవ. పేరు విని కొందరు పెద్దలు పెదవి విరిచినారు. పరాభవము ఎవరికి అనునది మన చేతిలో ఉన్నది. మన పిల్లలు చదివి కాపలా నిలిచిన, పరాభవము దొంగలకే అగును. మీ ఇండ్ల తలుపులు, పేటికలు, ఫోనులు అన్నియు భద్రముగా ఉండవలెనని, పరీక్షలు వ్రాయుచున్న పిల్లలందరు జయము పొందవలెనని కోరుచు, అందరికి ఉగాది శుభాకాంక్షలు తెలిపి సెలవు తీసికొనుచున్నాము.